దొంగ పుట్టినరోజు

జూన్ పన్నెండు. ఆ ఉదయం మేం తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, ముందురోజు మిగిలిన బంగాళాదుంపలు, మనిషికొక అరటిపండు. ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. పొద్దునపూట పాలగ్లాసు తప్ప ఇంకేమీ ముట్టని మా అమ్మాయి ఆ రోజు మూడు గుడ్లు, నాలుగు ముక్కల రొట్టె తిని, నా అరటిపండు కూడా అడిగి తీసుకుంది. ఆ రోజుతో దానికి పదిహేడేళ్లు నిండాయి. ఎదిగే పిల్ల, ఆకలేస్తోంది కాబోలనుకుని సంతోషించాను. బుర్ర ఉన్నవాడెవడైనా అనుమానించేవాడు.

"మెల్లగా తినవే, ఎవరూ లాక్కుపోరు," అంది మా అక్కయ్య.

అమ్మాయి నవ్వింది. పది రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. దానికీ సంతోషించాను.

మేం ఆ పరాయిదేశంలో ఉన్నది మొత్తం నాలుగు వారాలు. ఆ ప్రయాణం అక్కయ్య పట్టుదల. ముప్ఫయ్యేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి ఆ మార్చిలోనే రిటైరైంది. తీరిక దొరకగానే మా ఇంటికొచ్చి రెండు రోజులుండి, మమ్మల్నిద్దర్నీ రోగుల్ని చూసినట్టు చూసి తీర్పు చెప్పింది. ఇది ఇల్లు కాదు, వార్డు. ఇద్దరూ పిల్లుల్లా నడుస్తున్నారు. గిన్నె జారి కిందపడితే ఒకళ్లకొకళ్లు క్షమాపణ చెప్పుకుంటున్నారు. మా ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు. కొత్త చోటు చూపించకపోతే పిల్ల ఇప్పుడే ముసలిదైపోతుందని అక్కయ్య గొడవపెట్టింది. సముద్రమైతే నేను రానన్నాను. అలలంటే భయం, నా కోసం కాదు, దాని కోసం. అందుకని ఆవిడ సరస్సు పక్కన ఇల్లు చూసింది. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే అదే.

చెక్కతో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద పడవలు బాగుచేసే షెడ్డు, పైన మా మూడు గదులు. ఎప్పుడూ తారు వాసన, రంపపుపొట్టు వాసన. ఇల్లుగలాయన పడవల మేస్త్రీ. అరవై దాటాయి, మాట పొదుపు. ఆయనకొచ్చిన ఇంగ్లీషూ నాకొచ్చిన ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోయేది. మేం దిగిన రెండో రోజున అక్కయ్య మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కడం చూశాడు. మర్నాటికి మెట్ల పక్కన గోడకి, చేతికి ఆసరాగా ఒక నున్నటి కర్ర బిగించి ఉంది. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

నా ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. మూడు గంటలకోసారి ఎండ, గాలి, తేమ, వాన చూసి రిజిస్టరులో రాయడం. ఇరవై ఆరేళ్లుగా అదే పని కాబట్టి సెలవులో ఉన్నా కళ్లు ఊరుకోవు. షెడ్డు కప్పు మీద చిన్న గుడ్డ జెండా ఒకటి ఉండేది. పొద్దునే సరస్సు అద్దంలా ఉంటుంది. పదిన్నరకీ పదకొండుకీ మధ్య అవతలి ఒడ్డు నుంచి గాలి లేస్తుంది. జెండా టపటపా కొట్టుకుంటుంది, నీళ్లు నల్లబడి నురగలు కడతాయి. దిగిన రోజు నుంచీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. పుట్టినరోజుకి ముందు గడిచిన పంతొమ్మిది రోజుల్లో పదిహేడు రోజులు అలాగే జరిగింది.

మా అమ్మాయికి రెండు పుట్టినరోజులన్న సంగతి ఇక్కడ చెప్పాలి. అసలుది జూన్ పన్నెండు. కాగితాల్లో ఉన్నది అంతకు పదమూడు నెలల ముందు, మే తొమ్మిది. దాన్ని ఇంట్లో దొంగ పుట్టినరోజనేవాళ్లం. మా ఆవిడ బడిలో టీచరు. పిల్లకి నాలుగేళ్లు వచ్చేసరికి నావి షిఫ్టు డ్యూటీలు, ఇంట్లో చూసేవాళ్లు లేరు. తనతో బడికి తీసుకెళ్దామంటే, ఒకటో తరగతిలో పేరుంటే తప్ప పిల్లని కూర్చోబెట్టడానికి వీల్లేదని హెడ్‌మాస్టరు అన్నాడు. పేరుండాలంటే ఐదేళ్లు నిండాలి. ఆ ఏడాది అడ్మిషన్ రిజిస్టరు రాసే పని మా ఆవిడకే పడింది. పదమూడు నెలలు వెనక్కి జరిపి మే తొమ్మిది వేసేసింది. సాయంత్రం నాతో చెబితే, తెలిసినవాళ్లలో సగం మందివి ఇలాంటి తేదీలే గదా అన్నాను. "దొరికితే దొంగ, దొరక్కపోతే దొర," అని ఆవిడ నవ్వింది. ఆ తేదీ పదో తరగతి సర్టిఫికెట్టులోకీ, అక్కణ్నుంచి పాస్‌పోర్టులోకీ తన కాళ్లతో తనే నడిచి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ పోయాక అమ్మాయి ఈత మొదలుపెట్టింది. ఎందుకే అంటే, నీళ్లలో ఎవరూ పలకరించరు అంది. పోటీలకి వెళ్లసాగాక తెలిసింది మేం చేసిందేమిటో. అక్కడ వయసును బట్టి జట్లు కడతారు. పద్నాలుగేళ్ల పిల్ల పదిహేనేళ్లవాళ్లతో ఈదింది, పదిహేనేళ్ల పిల్ల పదహారేళ్లవాళ్లతో. ఎప్పుడూ నాలుగో స్థానం, ఐదో స్థానం. ఒక్క పతకం లేదు. వాళ్లమ్మను గానీ నన్ను గానీ ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ప్రతి పోటీకీ, ప్రతి ప్రాక్టీసుకీ డ్యూటీలు మార్చుకుని మరీ వెళ్లి గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చునేవాణ్ని. మంచి తండ్రినని నా నమ్మకం.

జూన్ రెండో తారీఖున మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏటా ఒక రోజు ఆ ఊళ్లో ఈతగాళ్లందరూ కలిసి, సరస్సు నడుమ తేలే పసుపు పీపా చుట్టి తిరిగి వస్తారట. నాలుగు కిలోమీటర్లు. పోటీ కాదు, బహుమతులు లేవు. పడవల మేస్త్రీ చెప్పాడట. ఆ ఏడాది అది పన్నెండో తారీఖున పడింది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే అనుమతి.

కాగితం చదివి, మడిచి, వెనక్కి ఇచ్చాను. నీకు పదహారే గదా అన్నాను.

"పాస్‌పోర్టులో పద్దెనిమిది నిండాయి నాన్నా."

"అది దొంగ తేదీ."

"దొంగదని ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది. "మూడేళ్లు నాకన్నా పెద్దవాళ్లతో ఈదాను. అప్పుడు కాగితంలో ఏముంటే అదే వయసన్నావు. ఇప్పుడు ఒక్కసారి ఆ కాగితం నాకు పనికొస్తుంటే దొంగదంటున్నావు."

అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. జవాబు లేనివాడు వివరాలు చెబుతాడు. నేనూ చెప్పాను. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, మధ్యలో లోతెంతో, గాలి ఏ వేళకి లేస్తుందో. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే తనకి గంటన్నర పడుతుందనీ, గాలి లేచినా చుట్టూ పడవలుంటాయనీ అది లెక్కలు చెప్పింది. దాని లెక్క ప్రకారమే పదకొండుకి అది నీళ్లలో ఉంటుంది, సరిగ్గా గాలి వేళకి. ఆ మాటే పట్టుకుని వేలాడాను.

అప్పుడంది, "గాలి సంగతి కాదు నాన్నా. నువ్వు గట్టు మీద కూర్చోకుండా ఒక్కసారి ఈదాలి నేను. ఒకే ఒక్కసారి."

"నేను బతికుండగా కుదరదు," అన్నాను.

మా ఇంట్లో ఎవరమూ వాడని మాట అది. నోరు జారాక తెలిసింది. అమ్మాయి కంచం తీసుకుని లేచింది. అక్కయ్య గిన్నెలు కడిగి, బోర్లించి, చేతులు తుడుచుకున్నాక ఒక మాట అంది. దాన్ని నేను కాపలా కాస్తున్నానో, అదే నాకు కాపలా కాస్తోందో కాస్త ఆలోచించుకోమంది.

ఆ తర్వాత పది రోజులు అమ్మాయి ఎంత బుద్ధిగా ఉందంటే, నాకు నిద్ర పట్టలేదు. కింద మేస్త్రీ దగ్గర కూర్చుని పాత పడవకి రంగు గీకేది. ఒడ్డున తాడు కట్టిన చోటే ఈదేది, నేను గట్టున ఉండగానే. బయటికి వచ్చి తువ్వాలు తీసుకుని థాంక్స్ చెప్పేది. కన్నతండ్రికి థాంక్స్. వంట బాగుందనేది, చల్లగా ఉందనేది, నా మొహంలోకి చూడకుండా అన్నీ అనేది. కోపంగా ఉన్న పిల్లతో వేగవచ్చు. మర్యాదగా ఉన్న పిల్లతో ఎలా వేగాలో నాకు ఎవరూ నేర్పలేదు.

పుట్టినరోజు నాడు, అంత తిన్నాక, ఈతగాళ్ల పడవలకి తాళ్లు మోయడంలో మేస్త్రీకి సాయం చేస్తానని మాటిచ్చాననీ, ముందు వెళ్తాననీ అంది. మనం పదింటికి చూడ్డానికి వెళ్దాం, కేకు సాయంత్రం కోద్దాం అన్నాను. సరేనంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి ఒకసారి చూసింది కూడా.

బీరువాలో బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. మూడు పాస్‌పోర్టులూ తిరుగు టికెట్లూ అందులోనే పెట్టుకున్నాం. అమ్మాయి కోసం కొన్న చేతిగడియారం కూడా, నీళ్లలో పాడవనిది, అందులోనే దాచాను. కాగితం చుట్టి సిద్ధంగా ఉంచుదామని డబ్బా తీశాను. గడియారం చేతికి తగిలింది. పాస్‌పోర్టులు రెండే తగిలాయి.

ఏమైందిరా అని వంటగదిలోంచి అక్కయ్య అడిగింది.

"మూడు గుడ్లు తింది అక్కయ్యా," అన్నాను.

ఆవిడకి ఒక్క క్షణం పట్టింది. "చెప్పులేసుకుని పరిగెత్తు," అంది.

సరస్సు గట్టు వెంట ఇరవై నిమిషాల దారి. పన్నెండు నిమిషాల్లో వెళ్లాననుకుంటాను. దారిపొడుగునా ఒకటే లెక్క. వద్దని చెబితే వినదు. వద్దంటున్నానని వాళ్లకి చెబితే, పద్దెనిమిదేళ్ల మనిషి, ఆమె ఇష్టం అంటారు. ఆపగలిగిన మాట ఒక్కటే ఉంది, ఆ తేదీ తప్పని చెప్పడం. అంటే పరాయిదేశంలో, ముక్కూమొహం తెలియని అధికారి ముందు నిలబడి, మా పిల్ల పాస్‌పోర్టులో అబద్ధం ఉందని నా నోటితో నేనే చెప్పడం. ఇంకా తొమ్మిది రోజులకి అదే పాస్‌పోర్టు చూపించి విమానం ఎక్కాలి. ఎక్కనిస్తారో లేదో. పట్టుకుంటే ఎవర్ని పట్టుకుంటారో. ఆకాశంకేసి చూశాను. మేఘం లేదు, ఆకు కదలడం లేదు. ఇలాంటి పొద్దులే పదకొండుకి తిరగబడతాయని పదిహేడు రోజులు నా కళ్లతో చూశాను.

ఒడ్డున రెండు బల్లలు వేసి ఉన్నాయి. ఒకదాని దగ్గర ఒక డాక్టరు నాడి చూస్తున్నాడు. రెండోదాని దగ్గర మెడలో ఈల వేసుకున్న ఒకావిడ, ఎదురుగా ఫైలు, పక్కన కుర్చీలో టీ తాగుతున్న పోలీసాయన. టోపీలు పెట్టుకున్నవాళ్లు నలభై యాభైమంది చేతులూపుకుంటూ, గెంతుతూ ఒళ్లు వేడెక్కించుకుంటున్నారు. ప్రతివాళ్ల జబ్బ మీదా నీలం సిరాతో నంబరు. మా అమ్మాయి జబ్బ మీద నలభై ఆరు.

నన్ను చూసింది. కదలలేదు. తల తిప్పుకోనూ లేదు.

ఈల ఆవిడ దగ్గరికి వెళ్లాను. నలభై ఆరో నంబరు మా అమ్మాయనీ, దానికి పద్దెనిమిదేళ్లు నిండలేదనీ చెప్పాను. ఆవిడ ఫైలు తిప్పి, పాస్‌పోర్టు నకలు తీసి, తేదీ మీద వేలు పెట్టి చూపించింది. నిండి నెల దాటింది అంది. అది తప్పు తేదీ అన్నాను. తప్పు ఎలా అవుతుంది, ఎవరు రాశారు అని అడిగింది.

"నేను," అన్నాను. "బడిలో చేర్చడానికి నేనే ఎక్కువ వేసి రాశాను."

పోలీసాయన కప్పు కింద పెట్టాడు. మా ఇంగ్లీషు ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. ఈల ఆవిడ ఆయనకేసి ఒకసారి చూసి, నాకేసి చూసి, అసలు తేదీకి రుజువేమైనా ఉందా అంది. ఏ రుజువుంది? నేనే రుజువు. ఆవిడ చెయ్యెత్తి అమ్మాయిని పిలిచింది.

అమ్మాయి వట్టి కాళ్లతో ఇసుకలో నడుచుకుంటూ వచ్చింది. నీ వయసెంత, నువ్వు చెప్పు అంది ఆవిడ.

కాగితం దాని వైపుంది. నా వైపు ఏమీ లేదు. మా నాన్న భయస్థుడు, నన్ను ఆపడానికి అబద్ధమాడుతున్నాడు అని ఒక్క మాటంటే చాలు, ఆవిడ నన్ను పక్కకి తప్పుకోమనేది. తప్పుకునేవాణ్ని కూడా.

అమ్మాయి నా మొహంకేసి చూడలేదు. నా కాళ్లకేసి చూసింది. అప్పుడు నేనూ చూసుకున్నాను. కుడికాలికి నా చెప్పు ఉంది, ఎడమకాలికి అక్కయ్యది.

"పదిహేడు," అంది. "ఇవాళ్టితో."

ఈల ఆవిడ ఫైలు దగ్గరికి లాక్కుంది. కలం తీసి, జాబితాలో నలభై ఆరో పేరు మీద ఒక్క గీత గీసింది. మా రిజిస్టర్లలోనూ అదే పద్ధతి. తప్పు పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. కింద ఉన్నది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం పెట్టాలి. ఆవిడ ఏం కారణం రాస్తుందోనని తలకిందులుగా చదివాను. "తన ఇష్టంతో విరమించుకుంది" అని ఇంగ్లీషులో రాసింది. పాస్‌పోర్టు నకలును నాలుగు ముక్కలు చేసి బల్ల కింద బుట్టలో వేసింది. పోలీసాయనతో తమ భాషలో ఏదో అంది. ఆయన మళ్లీ కప్పు అందుకున్నాడు. డాక్టరు దగ్గర్నుంచి దూది తెప్పించి స్పిరిటులో ముంచి, అమ్మాయి జబ్బ మీద నంబరు తనే తుడిచింది. సిరా పూర్తిగా పోలేదు. తుడుస్తూ మెల్లగా ఏదో చెప్పింది. పుట్టినరోజు మాటే అయ్యుంటుంది.

ఇంటికి పోదామా అన్నాను. మేస్త్రీకి మాటిచ్చాను, నువ్వు వెళ్లు అంది అమ్మాయి. ఆ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

తొమ్మిదిన్నరకి ఈల మోగింది. అంతమందీ ఒక్కసారిగా నీళ్లలోకి వెళ్లారు. నేను దూరంగా ఒక బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి అక్కయ్య వచ్చింది, మిగిలిన జత చెప్పులు వేసుకుని. పక్కన కూర్చుని, జరిగిందంతా విని, తన చెప్పు తను తీసుకుని నాది నాకిచ్చింది.

పదిన్నరైంది. బల్ల దగ్గర కట్టిన చిన్న జెండాకేసి చూస్తూ కూర్చున్నాను. వేలాడుతూ ఉంది. పావుతక్కువ పదకొండు. టోపీలన్నీ పసుపు పీపా చుట్టి తిరుగుదారి పట్టాయి. పదకొండు. సిగ్గు విడిచి చెబుతున్నాను, గాలి రావాలని కోరుకున్నాను. అంతమంది నీళ్లలో ఉండగా. కాస్త లేస్తే చాలు, ఎవరికీ ఏమీ కాకుండా, జెండా నాలుగుసార్లు కొట్టుకుంటే చాలు, నా మాట నిలబడుతుందనుకున్నాను. గాలి రాలేదు. పదకొండున్నరకీ రాలేదు. సరస్సు నున్నగా, వార్చిన గంజిలా పడి ఉంది.

"నీ గాలి కూడా సెలవు పెట్టినట్టుందిరా," అంది అక్కయ్య. ఇంకెవరన్నా ఆ మాటంటే భరించలేకపోయేవాణ్ని.

ఒడ్డు దగ్గర మా అమ్మాయి నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది. ఒక్కొక్కరూ వచ్చి కాళ్లు తడబడుతుంటే చెయ్యి అందించి నిలబెడుతోంది, భుజం చుట్టూ తువ్వాలు కప్పుతోంది. అందరికన్నా చివరికి వచ్చినావిడకి డెబ్బయ్యేళ్లుంటాయి. ఒడ్డున ఆవిడ చేతికర్ర ఇసుకలో గుచ్చి ఉంది. అమ్మాయి ఆవిడ నడుం పట్టుకుని కర్ర దాకా నడిపించుకొచ్చింది. ఆ ముసలావిడ దాని బుగ్గలు రెండూ పట్టుకుని ఏదో అంటే అది నవ్వింది. నిండా నవ్వింది. నాలుగు కిలోమీటర్లూ అది ఈది ఉంటే ఇంకెలా నవ్వేదోనని ఆలోచించకుండా ఉండలేకపోయాను.

సాయంత్రం కేకు కోశాం. అక్కయ్య పదిహేడు కొవ్వొత్తులు లెక్కపెట్టి గుచ్చింది. మేస్త్రీని పిలిస్తే తారు మరకలు పోయేదాకా చేతులు రుద్దుకుని, తడిజుట్టు దువ్వుకుని వచ్చాడు. అమ్మాయి ఒక్క ఊపుతో కొవ్వొత్తులన్నీ ఆర్పింది, ఊపిరి దానికేం కొదవ. ముందు ముక్క నా నోట్లో పెట్టింది. పెట్టి, వేళ్లు తుడుచుకుంది. గడియారం ఇస్తే బాగుందని పెట్టుకుంది. మేస్త్రీ రెండు ముక్కలు తిని, అమ్మాయి జబ్బ మీద మిగిలిన నీలం మరకకేసి చూసి, దాంతో నాలుగు మాటలు మెల్లగా మాట్లాడి కిందికి వెళ్లిపోయాడు.

ముగ్గురమే మిగిలాం. బల్ల మీద కేకు ముక్కలు, కాలిన కొవ్వొత్తులు.

"నువ్వే రాశానన్నావని ఈల ఆవిడ చెప్పింది. ఎందుకన్నావు నాన్నా?" అంది. "ఆ రాత అమ్మది."

నీకెలా తెలుసన్నాను. పదో తరగతి అయ్యాక సర్టిఫికెట్టు కోసం బడికి వెళ్తే గుమాస్తా పాత రిజిస్టరు తీశాడట. వాళ్లమ్మ తొమ్మిది అంకె తోకని లోపలికి వంచి రాసేది. చూడగానే తెలిసిపోయిందట. అప్పటికి వాళ్లమ్మ పోయి ఏడాది. కాసేపు ఆ పేజీ తిప్పొద్దని గుమాస్తాని బతిమాలుకుందట. ఇన్నాళ్లూ నాతో అనలేదు.

"ఆ పోలీసాయన ముందు మీ అమ్మని నిలబెట్టాలనిపించలేదే," అన్నాను. "అయినా ఆ రోజు నేను సరేనన్నాను గదా. రాసినట్టే."

"అమ్మ ఎందుకు రాసింది?"

చెప్పాను. నా షిఫ్టులు, చూసేవాళ్లు లేకపోవడం, హెడ్‌మాస్టరు మాట. ఆవిడ పాఠం చెబుతుంటే ఇది వెనక బెంచీలో పలక మీద తల పెట్టుకుని నిద్రపోయేదన్న సంగతి. అమ్మాయి కొవ్వొత్తి మైనం గోటితో గీకుతూ విన్నది.

"నువ్వు చెప్పింది నిజం కాదని నేను చెప్పి ఉండొచ్చు ఇవాళ, ఆవిడతో," అంది.

"చెప్పి ఉండొచ్చు."

"చెబుదామనే వచ్చాను. నీ చెప్పులు చూశాను."

"ఆ పుణ్యం నా చెప్పుదే," అంది అక్కయ్య. ఎవరమూ నవ్వలేదు గానీ, గదిలో బిగిసి ఉన్నదేదో ఒక మెలిక వదిలింది.

"కానీ కోపం పోలేదు నాకు."

"పోనక్కర్లేదు," అన్నాను.

"గాలి కూడా రాలేదు."

"రాలేదు."

అది గడియారం పట్టీ సర్దుకుంది. బల్ల అంచు చూస్తూ మాట్లాడింది. "రేపు ఆరింటికి మొదలుపెడతా. పసుపు పీపా దాకా వెళ్లి రావడం. ఏడున్నరకల్లా వచ్చేస్తాను. నీ గాలి పదిన్నరకి గదా లేచేది. మేస్త్రీ పడవేసుకుని వెనకాలే వస్తాడు, ఇప్పుడే అడిగాను. అత్త ఒడ్డున ఉంటుంది." అప్పుడు తలెత్తింది. "నువ్వు రావద్దు నాన్నా. ఇంట్లో ఉండు."

తప్పు పట్టడానికి ఏమీ లేదు. గాలి వేళ, దూరం, పడవ, మనిషి. పంతొమ్మిది రోజులు నేను రాసుకున్నదంతా అది చదివి, నా లెక్కతోనే నాకు కట్టేసింది. నేను అడగవలసింది ఒక్కటీ మిగల్చలేదు. గంటన్నర సేపు కిటికీ దగ్గరికి వెళ్లకుండా నాలుగు గోడల మధ్య ఎలా కూర్చోవాలన్నది తప్ప. ఆ మాట దాన్ని అడిగేది కాదు.

"సరే," అన్నాను.

ఆ తేదీ దిద్దించడానికి మాకు తర్వాత రెండేళ్లు పట్టింది. ఆఫీసుల చుట్టూ అదే తిరిగింది, నన్ను రానివ్వలేదు. దిద్దించుకుంటే ఏడాది వెనకబడతావని అందరూ చెప్పారు, వినలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒకటే పుట్టినరోజు. అదంతా తర్వాతి కథ. ఆ సాయంత్రం మాత్రం అది ఇంకో ముక్క కేకు తిని, పొద్దున్నే లేవాలని, కంచం కడిగిపెట్టి గదిలోకి వెళ్లింది.

ఆ ఊళ్లో జూన్ నెలలో తొమ్మిది దాటినా వెలుతురు పోదు. అక్కయ్య తువ్వాలు ఒకటి తీసి తన సంచీలో పెట్టుకుంది. కింద షెడ్డులో మేస్త్రీ తెడ్లు తుడుస్తున్న చప్పుడు.

వాళ్లమ్మ పోయినప్పటి నుంచీ రాత్రిళ్లు దాని గది తలుపు ఓరగా తీసి ఉంచడం నా అలవాటు. దాని ఊపిరి వినపడితేనే నాకు నిద్ర పట్టేది. అది ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజు గడపలో నిలబడి చూశాను. కిటికీలోంచి పడుతున్న వెలుతురుకి అడ్డంగా చెయ్యి కళ్ల మీద వేసుకుని పడుకుంది.

"పడుకుంటున్నా నాన్నా," అంది.

పడుకోమన్నాను. గడియ చప్పుడు కాకుండా, తలుపు నేనే దగ్గరికి లాగి మూశాను.